చెరకు తాగినంత లోతు

నీళ్లలో మునిగిపోయిన కోట కట్టడాల మీద పని చేస్తున్నానని చెబితే తిరుపతిలో మా వీధివాళ్లెవరూ నమ్మలేదు. మా సీమలో ముందు నీళ్లంటూ ఉండాలి, మునగడం ఆ తర్వాతి సంగతి. పక్కింటాయన అయితే జాలిగా అడిగాడు.

"యాడికి సార్, సముద్రం పక్కకు ఏసినారా మిమ్మల్ని?"

"కాదు, ఐరాల పక్కకే."

ఆయన కాసేపు ఆలోచించాడు. "ఆడ ఉండేది సెరుకు గదా," అన్నాడు.

ఆయన మాట నిజం. అక్కడ ఉన్నది చెరకే. నీటి అడుగున రాళ్లను చూడటానికి వెళ్లి, ఒక చెరకు తోట దాహం తీరేదాకా కాచుకుని కూర్చున్న వేసవి అది.

నేను పురాతత్త్వం చదివినవాణ్ణి కాను. చదివినవాళ్లు తవ్విన గుంటల పక్కన గొడుగు పట్టుకుని కూర్చుని, టేపుతో కొలిచి, కాగితం మీద గీసేవాణ్ణి. తవ్వకం వాళ్లది, గీత నాది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ గీత దాటకుండా బతికాను; దాటితే బొమ్మ పాడవుతుంది. రిటైరయ్యాక కూడా ఎవరైనా పిలిస్తే వెళుతుంటాను. ఇంట్లో నా గీతలకు ముగ్గుపిండికి ఉన్నపాటి గిరాకీ కూడా లేదు.

ఈసారి పిలిచింది ఒక మేడమ్. కాలేజీలో చరిత్ర చెబుతారు. అందరూ కోట గోడలు చూస్తే ఆమె గోడల కింది నీళ్లు చూస్తారు. ఆమె చెప్పినదాంట్లో నాకు అర్థమైనంత ఇది: కోట చుట్టూ అగడ్త తవ్వి నీళ్లు నింపడం సగం పనే. ఈత వచ్చినవాడు ఈదేస్తాడు, గుర్రాన్ని దింపుతాడు, లేదా తెప్ప కట్టుకుని వచ్చేస్తాడు. అందుకని కొన్నిచోట్ల నీటి మట్టానికి కాస్త కింద, పైకి కనబడకుండా, మొనదేలిన రాళ్లను బయటివైపుకు వాల్చి వరసగా నాటేవాళ్లు. గుర్రం కాలు అక్కడ ఇరుక్కుంటుంది, తెప్ప అడుగు అక్కడ చీలుతుంది.

"గోడను చూసి శత్రువు జాగ్రత్త పడతాడు. దీన్ని చూడడు గాబట్టి జాగ్రత్త పడడు," అన్నారు మేడమ్.

కనబడనిదాని దగ్గర బోల్తా పడటం శత్రువులకే పరిమితం కాదని మాకు తర్వాత తెలిసింది.

ఆ ఊరి కోట పెద్దదేమీ కాదు. గుట్ట మీద సగం కూలిన గోడ, గుట్ట చుట్టూ ఒకప్పుడు అగడ్త. మూడు పక్కలా పూడిపోయి ఇళ్లు లేచాయి. ఒక్క పక్క మాత్రం నీళ్లు నిలుస్తాయి. రాజులు పోయాక ఆ నీళ్లను ఊరు ఊరికే వదిలిపెట్టలేదు. కట్టకు తూము పెట్టి, కాలువ తీసి, కింద మళ్లు చేసుకుంది. మేం కాగితాల్లో అగడ్త అని రాసుకునేదాన్ని వాళ్లు కందకం అంటారు. మాకు అది చరిత్ర, వాళ్లకు అది తడి. పైరుకు ఒకసారి నీళ్లు పెట్టడాన్ని తడి అంటారు. ఆ ఊళ్లో వాయిదాలు కూడా తడుల లెక్కనే వేస్తారు. "ఇంకో తడి అయినాక పెళ్లి పెట్టుకుంటాం" అని ఒకాయన చెప్పడం నేను విన్నాను.

నేను పొద్దున తిరుపతిలో బస్సెక్కితే అందులో ఉండేది కాణిపాకం మొక్కుబళ్లవాళ్లే. గుండ్లు, పసుపు బట్టలు, కొబ్బరికాయల సంచులు. వాళ్ల మధ్యన నేను, నా ఎరుపు తెలుపు పట్టీల కొలత కర్ర. మొదటిరోజే కండక్టరు దాన్ని తేరిపార చూశాడు.

"ఏం సామీ, కావడా?"

"కాదప్పా, కొలిచే కర్ర."

"కొలిచి ఇచ్చే మొక్కా? ఇదేదో కొత్తగా ఉండాదే!"

అప్పటినుంచి ఆయనకు నేను కావడి సామినే. కాణిపాకంలో దిగి ఆటోలో ఆ ఊరికి పోయేవాణ్ణి.

అగడ్తలో దిగి చూడాలంటే ఈత రావాలి. నాకు రాదు. మేడమ్‌కు వచ్చు గానీ ఆ పచ్చటి నీళ్లలో కళ్లు తెరిచినా మూసినా ఒకటే. అందుకని గాలి నింపిన లారీ ట్యూబులు తెప్పించి, వాటిమీద ఒక నులక మంచం కట్టించారు. దానిమీద నేను కూర్చుంటే కట్టమీద నుంచి తాడు పట్టుకుని లాగేవాళ్లు. పొడుగాటి వెదురు కర్రతో అడుగును తడుముతూ, రాయి తగిలినచోట లోతు కొలిచి, కాగితం మీద చుక్క పెట్టుకునేవాణ్ణి. ఊరు ఊరంతా కట్టమీదికి వచ్చింది. మంచం పట్టినవాణ్ణి అంతమంది చూడటానికి రావడం మామూలే గానీ, ఇంత ఆరోగ్యంగా ఉండి మంచం పట్టినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను.

ఆ జనంలోంచి ఒకామె ముందుకు వచ్చి, నేను ఒడ్డుకు చేరేదాకా ఆగి అడిగింది. నలభై దాటిన మనిషి, నెత్తిన తువ్వాలు, మోకాళ్లదాకా బురద.

"ఏం సార్, కందకంలో నీళ్లు తోడేస్తారంట?"

"తోడం అమ్మా. కొలుస్తాం అంతే."

"కొలిస్తే తగ్గవు గదా?"

"నేను కొలిస్తే ఏదీ తగ్గదు. పెరగదు కూడా."

ఆమె నవ్వలేదు. "కాలవ కడాకు ఉండేది నా సెరుకు సార్. అందురికంటే ఎనక నాటినా. అందురూ తాగినాక మిగిలినదే నాకు. రెండు తడులు కావల్ల. బోరు ఎండిపోయి రెండేండ్లు. ఈ కందకం తప్పితే నాకు దిక్కు లేదు." ఇంత చెప్పి, తువ్వాలు సర్దుకుని, "మీ రాళ్లు యాడికీ పోవు. నా సెరుకు పోతాది," అంది.

ఇందులో వాదించడానికేమీ లేదు. రాళ్ల తరఫున మాట్లాడటానికి వచ్చినవాళ్లం మేమే గానీ, ఆ మాట మాకంటే ముందు ఆమె అనేసింది.

తూము తలుపు ఎత్తేది, దించేది నీరుగంటి. ఏ మడికి ఎప్పుడు నీళ్లు పోవాలో చెప్పే పని ఆయన వంశానిది. బక్కగా, చెవుల మీద వెంట్రుకలతో, ఎవరితో మాట్లాడినా కాలువ వైపే చూసే ముసలాయన. మేడమ్‌ను చూసిన క్షణం నుంచి ఆయనకు కోటమీద గౌరవం పెరిగిపోయింది.

"ఆడ, ఆ మూలకు, నీళ్లలో రాళ్లు ఉండాయి మేడమ్. వరసగా. రాజులు నాటినేటివి. మా తాత సెప్పినాడు. కావాలంటే కాణిపాకంలో ప్రమాణం సేస్తా."

మా వైపు ఇది చిన్నమాట కాదు. దొంగతనం దగ్గర్నుంచి అన్నదమ్ముల పొలంగట్టు దాకా, ఎటూ తేలని తగువు వచ్చినప్పుడు "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అంటే చాలా నోళ్లు మూతపడతాయి. స్వామి ముందు అబద్ధమాడినవాడు బాగుపడడని అందరికీ గట్టి నమ్మకం. మేడమ్‌కు ప్రమాణాలకంటే ప్రమాణాలే ముఖ్యం, అంటే సెంటీమీటర్లు. అయినా ముసలాయన చూపిన మూలకే మంచం లాగించారు. వెదురు కర్రకు రాళ్లు టకటకా తగిలాయి. ఒకదాని పక్కన ఒకటి, సమానమైన ఎడంతో, నిటారుగా, చక్కటి వరస.

నేను గీశాను. పైకి కనబడనివాటిని కర్రతో తడిమి గీశాను గనక ఊహకు కాస్త చోటు దొరికింది. రాళ్లకు మొనలు దేల్చాను, బయటివైపుకు వాల్చాను, నీడలు దిద్దాను. నా చేతిలో వాటికి రాజసం వచ్చింది. మేడమ్ ఆ బొమ్మను ఒక సభలో తెరమీద చూపించారు. చప్పట్లు కొట్టారట. ఫోను చేసి ఆ సంగతి చెబితే నేను ఇంట్లో అందరికీ చెప్పాను. ఎవరూ కొట్టలేదు.

ఎండలు ముదిరాయి. నీరుగంటి వరస ప్రకారం నీళ్లు వదులుతూ వచ్చాడు: తల మడి నుంచి కడ మడికి. ఆఖరున ఆమె చెరకు కూడా ఆ తడి తాగింది. ఇంకొక్కటి మిగిలింది. ఆ తడితో అగడ్త నీళ్లు బాగా కిందికి దిగాయి, రాళ్ల తలలు బయటపడ్డాయి. ఆ మాట ఫోనులో తెలిసి మేమిద్దరం పరిగెత్తుకు వెళ్లాం.

మంచం మీద దగ్గరికి పోయి చూశాను. రాళ్లు నిటారుగానే ఉన్నాయి. మొనలు లేవు. బయటికి వాలలేదు. ప్రతి రాయికీ పైన ఒక బెజ్జం ఉంది. ఒక బెజ్జంలో తుప్పుపట్టిన ఇనుప తీగ ఇంకా చుట్టుకునే ఉంది.

చిత్తూరు జిల్లాలో ఏ పొలం చుట్టూ చూసినా కనబడేవే అవి. రాతి కూసాలు. బెజ్జంలోంచి తీగ లాగి కంచె వేస్తారు, పందిరి వేస్తారు. వాటిని నేను నా జీవితమంతా బస్సు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. నీళ్లలో ఉన్నాయి గనక గుర్తుపట్టలేదు. పొడి నేలమీద కూసం, తడి నేలమీద కోట.

కట్టమీదికి వచ్చి మేడమ్‌తో చెప్పాను. "రాజులు ముందుచూపు గలవాళ్లు మేడమ్. కంచె తీగ కూడా వాడినారు."

మేడమ్ చెప్పులు విడిచి, చీర ఎత్తి కట్టుకుని, తానే మంచమెక్కి వెళ్లి చూసి వచ్చారు. వచ్చి నీరుగంటి పక్కన కూర్చున్నారు.

"పెద్దాయనా, ఇవి రాజులు నాటినవేనా?"

ముసలాయన కళ్లు చికిలించి ఆ వరసను చాలాసేపు చూశాడు. పక్కన ఉన్న చెరకామె తనకు వచ్చే నవ్వును తువ్వాలుతో తుడుచుకుంటోంది.

"మామా, అవి మన రెడ్డేరి పందిరి కూసాలు గాదా? సేపల దొంగల కోసం నాటినారని మా అత్త సెప్తా ఉన్నింది."

ముసలాయనకు అప్పుడు గుర్తొచ్చింది. ఆయన పడుచుతనంలో బయటి ఊరివాళ్లు రాత్రుళ్లు పెద్ద వలలు తెచ్చి కందకంలో చేపలు ఊడ్చుకుపోయేవారట. వల చినగాలని ఊరివాళ్లు పాత పందిరి కూసాలు మోసుకొచ్చి నీళ్లలో నాటారు.

"మోసినోళ్లలో నువ్వు గూడా ఉన్నింటావు మామా," అంది ఆమె.

"ఉన్నింటానేమో అబ్బా. బుజం నొప్పి అప్పటిదే అనుకుంటా." ఆయన చేయి భుజం మీదికి పోయింది. "మంచిదయింది, కాణిపాకం పోకుండా ఉన్నింది. సామే కాపాడినాడు నన్ను."

కట్టమీద అందరూ నవ్వారు. మేడమ్ కూడా నవ్వారు, కాకపోతే ఆలస్యంగా. తర్వాత, ఒక చేత్తో చీర కుచ్చిళ్లలోని నీళ్లు పిండుకుంటూ, మామూలుగా అడిగినట్టే ఒక మాట అడిగారు.

"కందకం ఇంత పొడుగు ఉందే, ఆ మూలనే ఎందుకు నాటినారు?"

"ఆడ వల ముందే సినగతా ఉన్నింది గదా మేడమ్. కింద ఏమో రాళ్లు తగలతా ఉన్నెయ్. ఉండేదానికి తోడు పెట్టినాం, అంతే." ముసలాయన తలెత్తాడు. "నేను సెప్పింది ఆ కింది రాళ్లే! మా తాత సెప్పింది అవే! కలిసిపొయ్యినాయి నాకు."

ఎవరికి ఏమి కలిసిపోయిందో అప్పుడు చెప్పడం కష్టం. మేడమ్ వెదురు కర్ర తీసుకుని మళ్లీ మంచమెక్కారు. కూసాల వరసకు ఇంకాస్త లోపల, ఇంకా చాలా కిందుగా, బురదకు ఆనుకుని, కర్ర దేనికో తగిలి జారింది. నిటారుగా తగల్లేదు, వాలుగా తగిలింది. ఆమె ఒడ్డుకు వచ్చినప్పుడు ముఖం చూసి నేను పెన్సిలు చెక్కడం మొదలుపెట్టాను.

అడుగున నిజంగా రాళ్ల వరస ఉంది. ఊరు చేపల దొంగలకు అడ్డుకట్ట వేసినచోటే, ఎన్నడో ఎవరో గుర్రాలకు అడ్డుకట్ట వేశారు. కాపలా మారలేదు, శత్రువు సైజు తగ్గిందంతే. ఈసారి మాత్రం తడిమి గీయడం వద్దన్నారు మేడమ్. కంటితో చూడాలి, రాయి పాదం దేనిలో నాటారో చూడాలి. గోడ కింద వాడిన సున్నమూ జల్లీ ఈ రాళ్ల పాదాల్లో కూడా ఉంటేనే ఇవి కోటతోపాటు కట్టినవని చెప్పగలం. లేకపోతే ఇంకో రకం కూసాలని ఎవరైనా అనవచ్చు. అనడానికి తీగే అక్కర్లేదు.

రెండురోజుల్లో ఒక డీజిల్ ఇంజను వచ్చింది. తొట్టి ఆటోలో, గొట్టాలతో సహా. కొండ మీద మబ్బు పట్టడం మొదలైంది. ఒక్క గట్టి వాన పడిందంటే గుట్టమీది నీళ్లన్నీ అగడ్తలోకి దిగుతాయి, మళ్లీ ఏడాది దాకా రాళ్లు కనబడవు. అందుకని మిగిలిన నీళ్లు తోడేద్దామని మేడమ్ ఆలోచన. అనుమతి ఉంది. ఊరి పెద్దలు సరేనన్నారు. వాళ్ల చెరకులకు కావలసిన తడులన్నీ అయిపోయాయి మరి.

ఇంజను దించుతుండగా ఆమె వచ్చింది. అరవలేదు. ఇంజను మీద చేయి వేసి నిలబడింది.

"మేడమ్, ఈ నీళ్లు నా కడ తడి."

"తెలుసమ్మా. అందుకే ఊరికే పారబోయం. గొట్టం మీ తోటలోకే వేద్దాం. ఇవాళే నీళ్లు పెట్టేస్తాం."

"మొన్న గదా మేడమ్ నీళ్లు కట్టినా. యింగా బురద ఆరలేదు. ఇప్పుడు పెడితే ఏరు కుళ్లుతాది. కడుపు నిండినోడి ముందర మళ్లా సంగటి ముద్ద పెట్టినట్ల. నాకు ఈ నీళ్లు నెల ఎండినాక కావల్ల. అప్పుడు తాగితేనే గెడ నిండుతాది, బెల్లం పడతాది."

"ఈలోగా వాన వస్తే?"

"వానొస్తే మీకు నష్టం, మీరు తోడినాక రాకుంటే నాకు నష్టం. దేవుడు ఎవురి మాట వింటాడో మరి."

నేను కాణిపాకం వైపు చూశాను. ఇద్దరి అర్జీలూ ఆ స్వామి దగ్గరికే పోతాయి. దారి కూడా ఒకటే బస్సు.

మేడమ్ నీళ్లకేసి చూశారు. తను చూడదలచిన రాళ్లమీద నిలిచి ఉన్న నీళ్లే ఆమె చెరకు తాగవలసిన నీళ్లు. ఎక్కువా లేవు, తక్కువా లేవు. ఇద్దరికీ కావలసింది ఒకచోటే ఉంది, కాకపోతే ఒకరికి అది ఉండాలి, ఒకరికి అది పోవాలి. చివరకు మేడమ్ అన్నారు. "సరే. మీ తడి అయ్యేదాకా ఇంజను వేయం. మాట ఇస్తున్నాను."

"ప్రమాణం సెయ్యమని అడగల్ల," అన్నాడు నీరుగంటి, సాయం చేస్తున్నాననుకుని.

"ప్రమాణాలు వద్దులే మామా. నీది సూసినాం గదా." ఆమె వంగి, ఇంజను పక్కన పెట్టిన హ్యాండిలు చేతిలోకి తీసుకుంది. చక్రం తిప్పి ఇంజను లేపే వంకర ఇనుప కడ్డీ అది. అది లేకుండా ఆ ఇంజను వట్టి బరువు. "తప్పుగా అనుకోవద్దు మేడమ్. మీ మీద అపనమ్మకం గాదు. మబ్బు పట్టినప్పుడు మనిసికి సెయ్యి ఊరుకోదు. ఇది నా కాడ ఉండనీ."

మేడమ్ తల ఊపారు. ఆమె దాన్ని భుజాన వేసుకుని కాలువ గట్టున నడిచిపోయింది. సైన్యం కోట ముందు నుంచి ఆయుధాలు అప్పగించి వెనుదిరిగినట్టు మేం బస్సెక్కాం.

ఆ నెలంతా తిరుపతిలో నేను ఆకాశం చూస్తూ గడిపాను. మా సీమలో పుట్టినవాడు మబ్బును చూసి వద్దనుకోవడం తల్లిని చూసి తలుపేసుకోవడం లాంటిది. అయినా అనుకున్నాను. మళ్లీ మధ్యాహ్నం ఎండ కాస్తే, ఆ చెరకు గుర్తొచ్చి, కాస్త మబ్బు పట్టినా బాగుండేదనుకున్నాను. పక్కింటాయన అడిగాడు, "ఏం సార్, పొద్దస్తమానం మిద్దెమీదనే ఉండారు?" వాతావరణ పరిశోధన అన్నాను. పైన రెండు మూడుసార్లు ఉరిమింది గానీ కింద పడింది దుమ్మే.

మధ్యలో ఒకసారి వెళ్లాను, నీటి మట్టం చూడటానికని చెప్పి. ఆమె ఇంటి ముందు అరుగుమీద కూర్చోబెట్టి రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టింది. లోపల దేవుడి గూట్లో, పటాల పక్కన, హ్యాండిలు నిలబెట్టి ఉంది. శుక్రవారం ఇంట్లో కొడవళ్లకు, పారలకు పెట్టినట్టే దానికీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది.

"దానికి కూడానా అమ్మా?"

"ఇంట్లో ఇనుముండి బొట్టు లేకుంటే ఎట్ల సార్? ఉన్నన్నాళ్లు అది మా ఇంటిదే గదా."

కడ తడి రోజు వచ్చింది. పొద్దున్నే నీరుగంటి తూము ఎత్తాడు. కాలువలో నీళ్లు వేరెవరి మడికీ తిరగకుండా నేరుగా ఆమె తోటకు పోయాయి. ఆమె పార పట్టుకుని సాలు సాలుకూ నీళ్లు తిప్పుకుంటూ లోపలెక్కడో ఉంది. గెడలు కదలడం కనబడుతోంది, మనిషి కనబడదు. మేం అగడ్త ఒడ్డున కూర్చున్నాం. నీళ్లు దిగుతున్నాయి. కూసాలు మోకాళ్లదాకా తేలి, ఎండలో తెల్లబడి, కాస్త సిగ్గుపడుతున్నట్టు కనబడ్డాయి. వాటి వెనక, కిందుగా, మొదటి మొన లేచింది. తర్వాత ఇంకొకటి. నల్లటి రాళ్లు, బయటివైపుకు వాలి, చేప పళ్లలాగ.

ఎండ నెత్తికెక్కేసరికి నీళ్లు దిగడం ఆగిపోయింది. తూము గడప కంటే కిందికి పోయాయి నీళ్లు. ఇక వాటంతట అవి కాలువలోకి రావు. నీరుగంటి తలుపు పక్కన చతికిలబడ్డాడు. "అయిపొయ్యింది మేడమ్. యింగ రావు."

రాళ్ల తలలు కనబడుతున్నాయి, పాదాలు నీళ్లలోనే ఉన్నాయి. మేడమ్ ఇంజను వైపు చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నారో పక్కనున్న నాకు తెలుస్తోంది.

అప్పుడు చెరకులోంచి ఆమె వచ్చింది. నడుందాకా తడిసి, ముఖం మీద ఆకు కోసిన గీతలతో. భుజాన హ్యాండిలు ఉంది. పొద్దున్నే తెచ్చి గట్టుమీద పెట్టుకున్నట్టుంది.

"సగం తోట యింగా తడవలేదు మేడమ్," అని ఆ కడ్డీ మేడమ్ చేతిలో పెట్టింది. "ఏసుకోండి మీ ఇంజను. గొట్టం మాత్రం కాలవలోకే."

ఇంజను నాలుగోసారికో అయిదోసారికో దగ్గి లేచింది. మొదట తిప్పింది నేనే. నా చేతికి అది దగ్గను కూడా లేదు. ఆమే వచ్చి తిప్పింది. గొట్టంలోంచి ఆకుపచ్చటి నీళ్లు కాలువలో పడి తోటవైపు పరిగెత్తాయి. ఇక్కడ రాయి ఒక జానెడు లేస్తే అక్కడ ఇంకో సాలు తడుస్తోంది. మేడమ్ బురదలో దిగి నిలబడి కొలతలు చెబుతుంటే నేను గీస్తున్నాను. కూసాల అనుభవంతో ఈసారి నీడలు దిద్దలేదు. ఉన్నది ఉన్నట్టు గీశాను. అది ఎంత కష్టమో ఇన్నేళ్లుగా నాకు తెలియదు.

పొద్దు వాలుతుండగా తోట చివర నుంచి ఆమె చేయి ఊపింది. చివరి సాలు తడిసింది.

నీరుగంటి లేచాడు. "సాలు మేడమ్. ఆపండి."

మేడమ్ మోకాలిలోతు నీళ్లలో ఉన్నారు. రాళ్ల పాదాలు ఆమె పాదాల దగ్గరే ఉన్నాయి. "ఇంకొక్క మూరెడు, పెద్దాయనా."

"అడుగు నీళ్లు తీయకూడదు. గొడ్లు తాగల్ల, సేపలు బతకల్ల. ఇది మా తాతలనాటి కట్టుబాటు. ఈ మాట మీద అయితే నిజంగానే ప్రమాణం సేస్తా."

మేడమ్ వంగి నీళ్లలోకి చేయి పెట్టి, రాయి వెంబడి కిందికి తడిమారు. చేతికి ఏదో తగిలింది. గోళ్లతో గీకి పైకి తీసి చూపించారు. తెల్లటి పొడి, బురదతో కలిసి. సున్నం కావచ్చు. నత్తగుల్ల పొడి కూడా కావచ్చు. ఆమె దాన్ని చిన్న సంచిలో వేసుకుని, గట్టెక్కి, ఇంజనును తానే ఆపారు.

ఒక్కసారిగా అంత నిశ్శబ్దం. కాలువలో మిగిలిన నీళ్ల చప్పుడు కాసేపు వినబడి అదీ ఆగింది.

నేను కాగితం పూర్తిచేస్తున్నాను. మా పనిలో ఒక పద్ధతి ఉంది: చూసిన భాగాన్ని నిండు గీతతో గీస్తాం, చూడకుండా ఉందనుకున్న భాగాన్ని చుక్కల గీతతో. రాళ్ల పైభాగమంతా నిండు గీత, నీళ్ల కింద చుక్కలు. ఆమె పార కడుక్కుని వచ్చి నా భుజం మీదుగా చూసింది.

"ఆ సుక్కలేంది సార్?"

"చూడని భాగం. అక్కడికి నీళ్లున్నాయి గదా."

ఆమె ఆ చుక్కలను వేలితో ఈ చివర నుంచి ఆ చివరదాకా తాకకుండా చూపించుకుంటూ పోయింది. "అంటే ఈడదాకా నా సెరుకు తాగింది."

"అంతే."

"అయితే రాజుల కోటలో నా సెరుకు గూడా పడింది," అంది. ఈసారి ఆమె నవ్వింది.

ఆ రాత్రే వాన పడింది. గుట్టమీది నీళ్లన్నీ దిగి అగడ్త నిండింది. రాళ్లు, కూసాలు, ఇద్దరు శత్రువుల కోసం కట్టిన రెండు కంచెలూ కలిసి మునిగాయి. మేడమ్ సంచిలోది సున్నమేనా అన్న పరీక్ష ఇంకా తేలలేదని విన్నాను. నివేదికలో నా బొమ్మ అచ్చయింది, చుక్కలతో సహా. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అది మంచి బొమ్మే అనుకుంటాను.

చెరకు కొట్టే రోజుల్లో మేడమ్ పంపితే, ఆ రోజు అక్కడే మరిచిపోయిన కొలత కర్ర తెచ్చుకోవడానికి వెళ్లాను. గానుగ దగ్గర పెనం కింద మంట, పైన తియ్యటి ఆవిరి. ఆమె ముఖమంతా చెమట. మాట్లాడే తీరిక లేదు; ఇంకా వెచ్చగా ఉన్న బెల్లం అచ్చు ఒకటి కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టి, "గెడ బాగా నిండింది సార్," అని మళ్లీ పెనం దగ్గరికి పోయింది.

కాణిపాకంలో తిరుపతి బస్సెక్కాను. భుజాన ఎరుపు తెలుపు కర్ర, చేతిలో బెల్లం. అదే కండక్టరు.

"ఏం కావడి సామీ, మొక్కు తీరిందా?"

"తీరిందప్పా," అన్నాను. "నాది కాదు. వేరేవాళ్లది."

ఆయన టికెట్టు చింపి ఇచ్చాడు. బెల్లం కాస్త విరిచి ఆయన చేతిలో పెట్టాను.